దొరబాబు కడుపు

గాజువాక,
జూలై 1983

పూజ్యులైన వదినగారికి,

మీ మరదలు కామేశ్వరి నమస్కారాలు. ఇక్కడ మనుషులమంతా బాగున్నాం. పిల్లి బాగోలేదు.

పిల్లి ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎలాగూ అడుగుతారు కనుక ముందే చెబుతున్నాను. మీ తమ్ముడు తెచ్చారు. అవునండీ, వంటింట్లో చీమ కనిపించినా నన్ను కేకేసే మీ తమ్ముడే. స్టీల్ ప్లాంటు స్టోర్సులో సిమెంటు బస్తాల వెనక అరుస్తూ దొరికిందట, తల్లి ఎక్కడా కనబడలేదట. క్యారియరు సంచీలో వేసుకుని బస్సులో తెచ్చేశారు. ఇదేమిటండీ అంటే "ఇంట్లో ఎలుకలున్నాయిగా" అన్నారు. దీన్ని చూసి మా ఇంటి ఎలుకలు జాలిపడి పక్కకు తప్పుకుంటున్నాయి. అరచేతిలో ఇమిడిపోతుంది. పళ్ళు ఇంకా సరిగ్గా రాలేదు. నడక మాత్రం తనిఖీకి వచ్చిన కలెక్టరుగారిదే. అందుకని దొరబాబు అని పేరు పెట్టాం.

వచ్చిన కొద్దిరోజులకే దొరబాబుకి విరేచనాలు పట్టుకున్నాయి. ఏం పెట్టినా నీళ్ళలా పోతోంది. పొట్ట ఉబ్బిపోయింది, వీపు మీద ఎముకలు తేలాయి. పిల్లలిద్దరూ బడి నుంచి రాగానే పుస్తకాలు పడేసి ముందు దాని ఊపిరి చూస్తున్నారు. నాకూ మొదట నవ్వులాటగానే ఉంది. నిన్న అది లేచి నిలబడబోయి పక్కకి ఒరిగిపోయింది. అప్పుడు నా ప్రాణం ఉసూరుమంది.

కడుపుల సంగతి మీకు తెలిసినంత ఎవరికి తెలుసు? మీ తమ్ముడి కడుపుని పుట్టిన దగ్గర్నుంచీ మీరే చూస్తున్నారు. అది ఇప్పటికీ కుదుటపడలేదన్నది వేరే విషయం. దీనికేం పెట్టమంటారో కాస్త రాయండి.

పోర్టు ఉద్యోగానికి తిరిగొస్తూ మీ పిన్నిగారబ్బాయి సత్యం తెచ్చిన జున్నూ పాలకోవా అందాయి. మీ తమ్ముడికి రోజూ భోజనం అయ్యాక గ్లాసు నిండా చిక్కటి గేదెపాలు, మా పెళ్ళినాడు మీరు ఆజ్ఞాపించినట్టే, తప్పకుండా ఇస్తున్నాను.

మీ మరదలు
కామేశ్వరి

*

పాలకొల్లు,
జూలై 1983

చి. సౌ. కామేశ్వరికి,

వదిన మంగాయమ్మ ఆశీస్సులు. గేదెలు రెండూ బాగున్నాయి. నేనూ ఉన్నాను.

దొరబాబు మా మామగారి పేరు. ఆయన పోయి ఇన్నేళ్ళయినా ఈ వీధిలో ఆ పేరు వింటే మగవాళ్ళు చుట్ట వెనక్కి దాచుకుంటారు. అలాంటి మనిషికి విరేచనాలు పట్టుకున్నాయని నువ్వు కార్డు మీద రాస్తే, పోస్టుమాను మా అరుగు మీద నిలబడి నలుగురికీ వినబడేలా చదివాడు. ఎదురింటావిడ పరామర్శకి కూడా వచ్చింది. ఇకమీదట కవరు రాయి.

వైద్యం అడిగావు. వాము వేయించి నీళ్ళలో కాచి, ఉగ్గుగిన్నెతో పోయి. వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాయి. వస రాస్తే మాటలొస్తాయి కదా, అది మాట్లాడుతుందేమోనని భయపడకు. నీ ఇంట్లో ఇంకొకరికి మాట్లాడే సందు ఎక్కడుంది గనుక. అన్నిటికంటే ముఖ్యం పాలు. చిక్కటి గేదెపాలు, మీగడ తియ్యకుండా, గోరువెచ్చగా. నీరసించిన ప్రాణికి అంతకు మించినది ఈ భూమ్మీద పుట్టలేదు. నీళ్ళు కలిపి నీ పుట్టింటి పొదుపు చూపించకు.

మా తమ్ముడి కడుపు కుదుటపడలేదని ఎత్తిపొడిచావు. అమ్మ పోయేనాటికి మా మూర్తి ఆర్నెల్ల వాడు. నేను లంగా కట్టుకునే పిల్లని. వాణ్ణి చంకనేసుకుని, గిన్నె పట్టుకుని, పాలు పితికే వేళకి గేదె దగ్గరికి పోయేదాన్ని. ఊళ్ళో అందరూ ఆ బిడ్డ దక్కడన్నారు. దక్కాడు. దక్కబట్టే నీకు మొగుడయ్యాడు. పిల్లుల సంగతి నాకు తెలీదు గానీ తమ్ముళ్ళ సంగతి తెలుసు.

వదిన
మంగాయమ్మ

*

గాజువాక,
ఆగస్టు 1983

వదినగారికి నమస్కారాలు.

కవరే రాస్తున్నాను. మీ మామగారికి క్షమాపణలు. ఆ రోజు నుంచీ దాన్ని 'పిల్లీ' అనే పిలుస్తున్నాం. అది మాత్రం పాత పేరుకే తల తిప్పుతోంది.

మీరు చెప్పినవన్నీ చేశాను. వాము నీళ్ళకి నా చెయ్యి రక్కింది. వస రాస్తే పిల్లలిద్దరి చేతులూ రక్కింది. పాలు మాత్రం ఎగబడి తాగింది, తాగినదంతా వెంటనే బయటికి పంపించింది. సాయంత్రానికి కళ్ళు కూడా తెరవలేదు. ఇక లాభం లేదని గుడ్డలో చుట్టి, సంచీలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి పరిగెత్తాను.

అక్కడ వరసలో నా ముందు రెండు ఆవులు, ఒక దున్న. డాక్టరు అర్జునరావుగారు శ్రీకాకుళం మనిషి. కాయితం మీంచి తల ఎత్తకుండానే "ఎన్ని లీటర్లు ఇత్తాదమ్మా?" అన్నారు. నేను సంచీ విప్పి, "ఇది పాలు ఇచ్చేది కాదండి, తాగేది" అన్నాను. ఆయన తొంగి చూసి, "అయితే రోగం అదేనమ్మా" అన్నారు.

"ఏటి పోత్తన్నారు?"

"గేదెపాలండి. మీగడతో."

"మానీండి. కళ్ళు తెరవని పిల్లకి తల్లి పాలు పేనం. తల్లిని వొదిలేసినాక ఈ గేదెపాలు దానికి అరగవు. మీరెంత పేమగా పోత్తే అదంత జోరుగా పోద్ది" అన్నారు. కాచి చల్లార్చిన నీళ్ళు చుక్కలు చుక్కలుగా పట్టమన్నారు, వెచ్చగా ఉంచమన్నారు, కడుపులో పురుగులు పోవడానికి మందిచ్చారు. తేరుకున్నాక ఇంకేదో మెత్తగా ఉడికించి పెట్టమన్నారు. పెరట్లో వేరే కుంపటి మీద, వేరే గిన్నెలో ఉడికిస్తున్నాను. అదేమిటో మీకెందుకు లెండి, మందు లాంటిదే.

పాలు మానేశాక నాలుగు అడుగులు వేసింది, నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని వేలాడింది. హమ్మయ్య అనుకున్నాను. అంతలోనే మళ్ళీ మొదలు. ప్రతి ఉదయం లేచేసరికి పెరడంతా దాని నిర్వాకమే. నేను చుక్క పాలు పొయ్యడం లేదు. పిల్లల చేత ఒట్టు వేయించాను. డాక్టరుగారు నన్ను అనుమానంగా చూస్తున్నారు. ఇలాగే పోతే ఒంట్లో నీరంతా పోయి చచ్చిపోతుందని చెప్పేశారు. ఏం చెయ్యాలో తోచడం లేదు వదినగారూ. అర్థం లేని దుఃఖం అంటారేమో, వంట చేస్తూ కళ్ళు తుడుచుకుంటున్నాను.

మీకు నచ్చే మాట ఒకటి ఉంది. మీ తమ్ముడి కడుపు ఈమధ్య చాలా బాగుంది. ఆ తేన్పులు లేవు, ఉబ్బరం లేదు. బస్సు టైముకి రెండేసిసార్లు పెరట్లోకి పరిగెత్తే కార్యక్రమం కూడా ఆగిపోయింది. పాల గ్లాసు రోజూ అడుగంటా ఖాళీ చేసి ఇస్తున్నారు.

కామేశ్వరి

*

పాలకొల్లు,
ఆగస్టు 1983

కామేశ్వరికి,

ఆశీస్సులు తర్వాత. ముందు రెండు సంగతులు.

మొదటిది. మా మూర్తి కడుపు బాగుపడిందని నీ చేత్తో నువ్వే రాశావు. ఆ ఉత్తరం దేవుడి మందిరంలో పెట్టాను. ఇన్నేళ్ళూ నా పాల గురించి నువ్వు తిప్పిన మూతి నాకు తెలియదనుకున్నావా? పాలు ఆలస్యంగానైనా పట్టాయి. ఇక ఆ పట్టు వదలకూడదు. రేపటినుంచి వాడికి రాత్రి ఒకటీ, పొద్దున్న ఒకటీ, రెండు గ్లాసులు.

రెండోది. పెరటి కుంపటి మీద ఉడికే మందు పేరేమిటో సత్యం వచ్చి చెప్పాడు. చేప! మన గుమ్మంలో చేపల బుట్ట దింపించావట! వీధంతా చూస్తుండగా వంగి ఏరుకున్నావట! మా నాన్న పరాయి ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగేవాడు కాదు. ఆయన కొడుకు ఇంటి పెరట్లో చేపల పులుసా? పిల్లికోసం అంటావు. సత్యం నమ్మలేదు. నేనూ సగమే నమ్మాను, ఆ సగం కూడా నీ మీద గౌరవంతో కాదు, నీకు చేప వండడం రాదని.

ఇక్కడ ఈ సంగతి పొక్కితే నేను తల ఎత్తుకు తిరగాలా వద్దా? దసరాకి వస్తున్నాను. నేను దువ్వాడలో బండి దిగేసరికి ఆ పిల్లి నీ ఇంట్లో ఉండకూడదు. ఉందో, నేను స్టేషనులోంచే వెనక్కి బండెక్కుతాను. ఆనక నీ మొగుడికి అక్కా లేదు, పుట్టిల్లూ లేదు.

మంగాయమ్మ

*

గాజువాక,
సెప్టెంబరు 1983

వదినగారికి,

నమస్కారాలు ఈసారి ముందే పెట్టేస్తున్నాను, ఉత్తరం చివరికొచ్చేసరికి మీరు తీసుకునే స్థితిలో ఉండరు.

చేప సంగతి నిజమే. గంగవరం నుంచి వచ్చే పోతమ్మని నేనే పిలిచాను. బుట్ట దింపి, "ఏటమ్మా, మీ ఇంట్లో సేపలెవులు తింతారు?" అంది. పిల్లికి అన్నాను. "సరేలెండమ్మా. ఈ వీధిలో నాను సేపలిచ్చే నాలుగిళ్ళల్లోనూ పిల్లులే తింతన్నాయి. ఒక్క పిల్లీ కనబడదు" అని పకపకా నవ్వింది. అప్పుడే సత్యంగారు వచ్చి గుమ్మంలో నిలబడి ముక్కు మూసుకున్నారు. పోతమ్మ ఆయన్ని చూసి, "బావున్నావా బాబూ, మొన్నటి వంజరం మెత్తగా ఉందా?" అని పలకరించింది. ఈ భాగం ఆయన మీకు చెప్పడం మరిచిపోయి ఉంటారు. ఈసారి వచ్చినప్పుడు వారింటి పిల్లి ఎలా ఉందో అడగండి.

ఇక అసలు సంగతి. మీరు రెండు గ్లాసులన్నారు, రెండు గ్లాసులిచ్చాను. ఆ వారం పిల్లి చావుకి సిద్ధమైంది. మెడ నిలబెట్టలేకపోయింది. పిల్లలకి ఏం చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను. ఆ రాత్రి భోజనాలయ్యాక వాన పట్టింది. తీగ మీద బట్టలు తియ్యడానికి పెరట్లోకి వెళ్ళాను. మీ తమ్ముడు మెట్టు మీద గొంతుక్కూర్చుని, నేనిచ్చిన గ్లాసులో పాలు కొబ్బరిచిప్పలోకి వంచి, పిల్లి మూతిని దాంట్లోకి ఆనించి పట్టుకున్నారు. "తాగు నాయనా. ఈ ఒక్కపూటకి నా వంతు కూడా నువ్వే తాగు" అంటున్నారు. బతిమాలుతున్నారు వదినగారూ, బతిమాలుతున్నారు.

బట్టలన్నీ బురదలో పడేశాను. ఎన్నాళ్ళనుంచీ అని అడిగాను. పిల్లి వచ్చిన రోజునుంచీ అట. అంతకు ముందు? తాగేవాడినన్నారు. పాలు తాగితే కడుపు ఉబ్బి, పొద్దున్నకి పోతుందని ఎప్పటినుంచి తెలుసు? హైస్కూలు రోజులనుంచీ అట. పెరుగు, మజ్జిగ ఏమీ చెయ్యవట. పాలే పడవట. మరి చెప్పలేదేం అంటే, "అక్క బాధపడుతుంది" అన్నారు. నాకైనా చెప్పలేదేం అంటే, "నువ్వు అక్కకి రాస్తావు" అన్నారు. చూడండి, ఎంత తెలివో. పారబొయ్యొచ్చుగా అంటే, "అక్క ఇమ్మన్న పాలు పారబోస్తే పాపం" అని, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

అర్థమైందా? ఆయన కడుపు బాగుపడింది మీ పాల వల్ల కాదు, ఆ పాలు పిల్లి కడుపులోకి పోవడం వల్ల. డాక్టరు మానమన్నది నేను మానాను, ఆయన పోశారు. మీరు రెండో గ్లాసు రాశారు, దాని ప్రాణం మీదికొచ్చింది. రేపు దేశానికంతా ఉక్కు ఇవ్వబోయే ప్లాంటుకి కావలసిన ఇనుమంతా ఆ స్టోర్సులో తూకం వేయించే మనిషి. అందులో ఒక పావుకిలో ఈయన గొంతులో పడి ఉంటే, 'నాకు వద్దు' అన్న రెండు మాటలు ఈ పాటికి బయటికొచ్చేవి.

గ్లాసు మానేశాం. పిల్లి నిలబడింది. నిన్న వేలెడు చేపముక్క తిని, మూతి నాకి, నా కాలు మీద పడుకుంది. దాన్ని నేను ఎక్కడికీ పంపించను. మీరు వస్తే సంతోషం. వెనక్కి బండెక్కినా, వెళ్ళేముందు దాన్ని ఒకసారి చూసి ఎక్కండి.

కామేశ్వరి

*

పాలకొల్లు,
సెప్టెంబరు 1983

కామేశ్వరికి,

నీ ఉత్తరం అబద్ధం. సత్యం వంజరం సంగతి నిజమై ఉండొచ్చు, వాడి మొహం అలాంటిదే. తక్కినదంతా అబద్ధం.

పాలు పడని బిడ్డ ఆ పాలతో ఎలా బతికాడు? చెప్పు. ఊళ్ళో వాళ్ళందరూ వాడికి గొయ్యి తవ్వడానికి సిద్ధమైతే వాడు దేనితో బతికాడు? వాడు ఆరడుగులు పెరిగింది నీ ఉప్మాతోనా? నాకు చదువు లేదు, డబ్బు లేదు, మొగుడు కూడా ఎక్కువకాలం లేడు. వాడికి నేనిచ్చింది ఒక్కటే, అది పాలు. దాన్ని నువ్వు విషం అంటున్నావు, ఒక పశువుల డాక్టరు మాట పట్టుకుని.

వస్తున్నాను. నా చేత్తో నేనే కాచి ఇస్తాను. నా మొహం చూసి వాడు వద్దంటే అప్పుడు నమ్ముతాను. పిల్లి మాట మారలేదు. అది వెళ్ళాలి.

మంగాయమ్మ

*

గాజువాక,
సెప్టెంబరు 1983

వదినగారూ,

విషం అన్న మాట నేను రాయలేదు. మళ్ళీ చదవండి.

మీ ఉత్తరం చదివి మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. పిల్లిని చూపించే వంకతో మీ తమ్ముడి గురించి అడిగాను. "మనుసులైనా అంతేనమ్మా. పసితనంలో పాలే పేనం. కొందరికి పెద్దయినాక పడవు" అన్నారు. అంటే ఆర్నెల్ల వాణ్ణి బతికించింది మీ పాలే. అందులో నాకేం అనుమానం లేదు, ఎప్పుడూ లేదు. మీరు లేకపోతే ఆయన లేరు, ఆయన లేకపోతే నాకు ఇంత తలనొప్పీ లేదు. ఆ తర్వాత చాలనాల్సింది ఆయన. నోరు తెరవలేదు. నా కోపం ఆయన మీద, ఉత్తరాలు మాత్రం మీకు రాస్తున్నాను, ఎందుకంటే మీరు తిరిగి తిడతారు. ఆయన్ని తిడితే గోడని తిట్టినట్టే ఉంటుంది.

రండి. మీరు పడుకునే గదిలోకి అది రాకుండా చూస్తాను. ఇంట్లోంచి మాత్రం పంపను. చావు చూసి వెనక్కొచ్చిన ప్రాణిని వీధిలోకి తోసెయ్యడం నా వల్ల కాదు.

కామేశ్వరి

*

పాలకొల్లు,
అక్టోబరు 1983

చి. సౌ. కామేశ్వరికి,

క్షేమంగా చేరాను. కిటికీ పక్కన చోటు దొరికింది. దారంతా ఎవరితోనూ మాట్లాడలేదు. ఇది నమ్మడం నీకు కష్టమే.

నేను గ్లాసు ఇచ్చినప్పుడు నువ్వు గుమ్మంలో నిలబడి ఉన్నావు. వాడు నీ వైపు చూశాడు. నా వైపు చూశాడు. గటగటా తాగేశాడు. మూతి తుడుచుకుని "బాగుందక్కా" అన్నాడు. నేను నీ మొహంలోకి చూసి నవ్వాను. అప్పుడే నువ్వు నన్ను నాలుగు మాటలు అంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్న వాడు ఎన్నిసార్లు పెరట్లోకి వెళ్ళాడో నువ్వూ చూశావు, నేనూ చూశాను. బస్సు వెళ్ళిపోయింది. మంచం మీద కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకున్నాడు. ఏరా అంటే "బస్సు రాలేదక్కా" అన్నాడు. హారను మా ఇద్దరికీ వినబడింది.

నీకు తెలియనిది ఒకటి ఉంది. నువ్వు పంపు దగ్గరికి నీళ్ళకి వెళ్ళినప్పుడు, గిన్నెలో మిగిలిన పాలు తీసుకెళ్ళి ఆ పిల్లి ముందు పెట్టాను. నన్ను తిట్టుకోకు. తాగబోతే లాగేసేదాన్నే. చూద్దామనిపించింది. అది వచ్చింది, వాసన చూసింది, తల ఎత్తి నా మొహంలోకి చూసింది. తోక ఎత్తుకుని వెళ్ళిపోయింది. అంతే. కోపం లేదు, భయం లేదు. వద్దంది, వెళ్ళిపోయింది. నేను గచ్చు మీద కూర్చుని ఏడ్చాను. నా చేతి పాలు వద్దని ఇంతవరకూ ఒక్క ప్రాణి అనలేదు కామేశ్వరీ. వాడు చిన్నప్పుడు ఒక్కసారి అలా మొహం తిప్పుకుని ఉంటే నేను చచ్చిపోయేదాన్నా? వాణ్ణి వదిలేసేదాన్నా? అంత కటికదానిలా కనిపించానా వాడికి?

నాది తప్పని రాస్తానని చూడకు, రాయను. ఒక్కటి మాత్రం చెబుతాను. ఇన్నేళ్ళలో వాడు పాలు తాగుతున్నప్పుడు నేను గ్లాసే చూశాను, ఎంత మిగిలిందో అని. వాడి మొహం ఆ రోజే మొదటిసారి చూశాను.

ఇక జున్నూ, కోవా పంపను. వాడు అడిగితే గేదె ఒట్టిపోయిందని చెప్పు. నిజం చెబితే మళ్ళీ నాకోసం అబద్ధమాడి తింటాడు.

పిల్లిని ఉంచు. చేప వండుకో, వీధి వాళ్ళు ఏమన్నా అననీ. వద్దనడం వాడికి నేను నేర్పలేదు, నీతో కాలేదు. సాయంత్రాలు కాసేపు దాని పక్కన కూర్చోబెట్టు. చూసైనా నేర్చుకుంటాడేమో.

వదిన
మంగాయమ్మ